ఎడమచేతి మౌసు

తొమ్మిదో మౌసుకు చిల్లు పెట్టేసరికి వరదానం మణికట్టు మీద తెల్లటి ప్లాస్టిక్ పొడి పిండిలా పేరుకుంది. ఉఫ్ మని ఊదాడు. పొడి లేచి కళ్ళజోడు మీద వాలింది. కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకుని పదో దాన్ని ముందుకు లాక్కున్నాడు. వెల్లకిలా తిప్పి, అడుగున అంటించిన పట్టీలు గోటితో లేపి, వాటికింద దాచిపెట్టిన మరలు విప్పి, మూత తీసి, ఆకుపచ్చ బోర్డు నడుమ ఉన్న నల్ల చిప్పు మీద డ్రిల్లు ఆనించాడు. కీచుమంది. కాస్త పొగ వచ్చింది. బోర్డు మీద అచ్చువేసిన నంబరు, పక్కన చిల్లు, రెండూ కనపడేలా సెల్లుతో ఫొటో తీసి పంపాడు. అవతలినుంచి పచ్చటి అక్షరాలతో ‘టికెట్ క్లోజ్డ్’ అని వచ్చింది. పదకొండో మౌసు అందుకున్నాడు.

ఏలూరు ఆర్.ఆర్.పేటలో మందుల షాపు మీది అంతస్తు అది. కంప్యూటర్లో ఆటలాడేవాళ్ళ సామాన్లకు సర్వీసు సెంటరు. మౌసులు, కీబోర్డులు, చెవులకు తగిలించుకునే హెడ్‌సెట్లు వస్తాయి. వరదానం అక్కడ సీనియర్ టెక్నీషియను. బాగుచెయ్యమని కూచోబెట్టిన మనిషి ఏడాదిన్నరగా పొద్దస్తమానం వచ్చినవాటిని చంపుతున్నాడు. తాడేపల్లిగూడెంలో ఇంటికి చేరాక భార్య యేసమ్మ “పనెలా ఉందండీ?” అంటే “బాగానే ఉంది” అంటాడు. ఆవిడ నమ్మదు. చొక్కాలు ఉతికేది ఆవిడే కనక ఆ పొడి సంగతి ఆవిడకు తెలుసు. తెలిసినా రెండోమాట అడగదు.

యాభై ఆరేళ్ళ వయసు. బక్కపలచటి మనిషి. రెండు బొటనవేళ్ళ మీదా సోల్డరింగ్ ఐరన్ కాల్చిన పాత మచ్చలు. కామవరపుకోట దగ్గర చిన్న పల్లెలో పుట్టాడు. చర్చిలో హార్మోనియం మూగబోతే తండ్రే విప్పి బాగుచేసేవాడు. ఆ విప్పడమే కొడుక్కీ పట్టుబడింది. రేడియోలు నేర్చుకుంటే రేడియోలు పోయాయి. టేప్‌రికార్డర్లు నేర్చుకుంటే అవీ పోయాయి. డబ్బా టీవీల మీద చెయ్యి తిరిగిందనుకునే వేళకు జనం వాటిని పాతసామాన్లవాడికి వేసేశారు. ఏ విద్య ఒంటబడితే ఆ విద్యకు నూకలు చెల్లడం వరదానానికి అలవాటైపోయింది. అలాంటి మనిషికి నలభై రెండో ఏట తూనీగ కంపెనీ దొరికింది.

కంపెనీకి నోరుతిరగని ఇంగ్లీషు పేరేదో ఉంది. దాని గుర్తు తూనీగ. అందుకని ఇటు గణపవరం నుంచి అటు కైకలూరు దాకా కుర్రకారంతా తూనీగ కంపెనీ అనే అంటారు. బెంగుళూరులో ఇద్దరు ఇంజనీర్లు పెట్టిన కంపెనీ. వరదానం అక్కడికి వెళ్ళి పదిరోజులు శిక్షణ తీసుకున్నాడు. ఇద్దరిలో పెద్దాయన స్వయంగా పక్కన కూచుని విప్పించాడు. మరలన్నీ పైకే కనపడేవి. స్విచ్చిలో రాగిరేకు మందంగా ఉండేది. చక్రానికి ఇనుప ఇరుసు ఉండేది. “విప్పటానికి వీల్లేని వస్తువు అమ్మితే జనాన్ని మోసం చేసినట్టేనండీ” అన్నాడాయన, వచ్చీరాని తెలుగులో. ఆ మాట విని వరదానం పెద్దపండగనాడు చర్చిలో ప్రసంగం విన్నవాడిలా పొంగిపోయాడు. తిరిగొచ్చి పన్నెండేళ్ళు తలెత్తుకుని పనిచేశాడు.

రెండేళ్ళ కిందట తూనీగను ఒక పెద్ద కంపెనీ కొనేసింది. ‘ఏమీ మారదు’ అంటూ రంగుల కాగితం మీద ఉత్తరం వచ్చింది. మొదట అలాగే ఉంది. ఆరునెలలకు వచ్చిన మౌసు విప్పితే ఇరుసు ప్లాస్టిక్‌ది. పైన గుడ్డచుట్టు అదే, లోపల తీగ మాత్రం సగానికి సగం సన్నం. కీబోర్డు మీద అక్షరాలు పూర్వం పోతపోసినవి, ఇప్పుడు అంటించినవి. నాలుగు వారాలు ఆడితే ‘ఏ’ అక్షరం వేలికి అంటుకుపోతోంది. ఒకనాడు కొత్త మౌసు విప్పి చూస్తే అడుగున జిగురుతో అతికించిన ఇనపముక్క కనపడింది. దానికి ఏ తీగా లేదు, ఏ పనీ లేదు. చేతిలో బరువుగా అనిపించడానికి పెట్టారు. వరదానం ఆ ముక్కను పట్టుకుని చాలాసేపు కూచున్నాడు. అతనికి కోపం రాలేదు, సిగ్గేసింది. తన నోటితో తూనీగను మెచ్చుకుని కొనిపించిన పిల్లలంతా గుర్తొచ్చారు.

ఆ తరవాత విడిభాగాల పెట్టెలు వెనక్కి పట్టుకుపోయారు. బాగుచెయ్యడం దండగ, పాతది తీసుకుని కొత్తది ఇచ్చెయ్యమన్నారు. ముందు పాతదాని తీగ కత్తిరించి ఫొటో పంపితే చాలన్నారు. కొన్ని ఊళ్ళలో టెక్నీషియన్లు తీగ మళ్ళీ అతికి ఇచ్చేస్తున్నారని తెలిసి, చిప్పు మీదే చిల్లు పెట్టాలన్నారు. స్కానరుతో నంబరు కంప్యూటర్లోకి ఎక్కితే ఎంట్రీ పడ్డట్టు. ఎంట్రీ పడ్డ వస్తువు కంపెనీది. చిల్లు పడితేగాని టికెట్, అంటే ఆ వస్తువు మీద తెరిచిన ఫిర్యాదు, మూసుకోదు.

అయినా వరదానం ఊరుకోలేదు. పాత తూనీగ ఏదైనా వస్తే కౌంటర్లో పద్మప్రియ అనే అమ్మాయి దాన్ని ఎంట్రీ వెయ్యకుండా అతని టిఫిన్ సంచిలో పడేసేది. మధ్యాహ్నం అన్నం తినే అరగంటలో, చచ్చిన మౌసుల్లోంచి ఏరిపెట్టిన స్విచ్చిలతో దాన్ని బాగుచేసి ఇచ్చేసేవాడు. దానికి ‘సంచి పని’ అని పేరు. రోజంతా చంపినా ఆ అరగంట కోసమే పొద్దున్నే లేచి రైలెక్కేవాడు.

శుక్రవారం పదిన్నరకు మెట్లమీద అడుగుల చప్పుడైంది. ఇరవై రెండేళ్ళ పిల్ల. కుడిచెయ్యి చున్నీ కింద దాచుకుంది. కైకలూరు బస్సు దిగి నడిచొచ్చినట్టుంది, ముఖమంతా చెమట. పద్మప్రియ ఎవరితోనో ఫోనులో మాట్లాడుతోంది. ఆ పిల్ల తిన్నగా వరదానం బల్లదాకా వచ్చి, తువ్వాల్లో చుట్టిన వస్తువు విప్పింది.

“బాబాయిగారండీ, గుర్తున్నానాండీ? అలేఖ్యనండి. నాలుగేళ్ళ కిందట దీని చక్రం మీరే వేసిచ్చారండి.”

వరదానానికి ముఖం గుర్తురాలేదు. మౌసు గుర్తొచ్చింది. ఎడమచేతి వాళ్ళకోసం తూనీగ వాళ్ళు ఒకే ఒక్కసారి చేసిన మోడలు. వంపు కుడివైపు. బొటనవేలి మీటలూ కుడివైపే. పైనున్న నలుపు అరిగిపోయి, వేళ్ళు ఆనేచోట బూడిదరంగు తేలింది. పదేళ్ళ గ్యారంటీతో అమ్మారు, అందులో ఐదేళ్ళు గడిచాయి. ఇదింకా బతికుందా అనుకున్నాడు. సంతోషంతో చేతులు రెండూ చాచి అందుకున్నాడు.

“ఏమైందమ్మా?”

“ఒకసారి నొక్కితే రెండుసార్లు పడిపోతందండీ. ఎల్లుండి ఆదివారం మ్యాచ్ ఉందండి. హైదరాబాదు టీమోళ్ళు చూస్తారంటండి. బాగా ఆడితే తీసేసుకుంటారంట. ఇంటికాడ ఉండే ఆడొచ్చంటండి, జీతమిచ్చి.”

మాటల్లో పడి చున్నీ జారింది. కుడిచేతికి బొటనవేలూ చిటికెనవేలూ తప్ప మరి వేళ్ళు లేవు. అప్పుడు గుర్తొచ్చింది వరదానానికి. చేపలు పెట్టెలకెత్తే షెడ్డులో, ఐసు నలగ్గొట్టే మిషను. పదహారేళ్ళప్పుడు. అంతా నాలుగేళ్ళ కిందట ఇక్కడే నిలబడి చెప్పింది. ఎడమచేత్తో అన్నం తినడం కన్నా ముందు ఎడమచేత్తో ఆడటం నేర్చుకున్నానని నవ్వింది కూడా.

వింటూ వింటూ వరదానం మౌసును వెల్లకిలా తిప్పాడు. ఎడమచేత్తో స్కానరు అందుకున్నాడు. అడుగునున్న గీతల మీద పెట్టి నొక్కాడు. స్కానరు కుయ్యిమంది.

పద్మప్రియ ఫోను చెవిదగ్గరే ఉంచుకుని ఇటు తిరిగింది. ఆ అమ్మాయి ముఖం చూశాక గాని వరదానానికి తను చేసిన పని తెలియలేదు.

ఎంట్రీ పడకుండా ఏ మరా విప్పకూడదని ఈ సెంటర్లో అందరికీ నేర్పింది తనే. తూనీగ వాళ్ళ రోజుల్లో ఆ ఎంట్రీయే కొన్నవాడికి రక్ష. పద్నాలుగేళ్ళుగా వస్తువు వెల్లకిలా పడితే చెయ్యి స్కానరు మీదికే పోతుంది. సంచి పనికి వచ్చేవి పద్మప్రియ చేతిమీదుగా వచ్చేవి కాబట్టి ఇన్నాళ్ళూ చిక్కు రాలేదు. ఇవాళ తనే నేరుగా అందుకున్నాడు. చెయ్యి తన పని తాను చేసుకుపోయింది.

“తీసెయ్యలేమా అమ్మా?” అని అడిగాడు మెల్లగా.

పద్మప్రియ మానిటరు మీద అటూ ఇటూ వెదికింది. “అదెక్కడా లేదండీ. ఐదింటికల్లా ఫొటో అప్‌లోడ్ చెయ్యమంటంది.”

అలేఖ్యకు ఇదేమీ అర్థంకాలేదు. కుర్చీలో కూచుని చెమట తుడుచుకుంటోంది. వరదానం ఏం చెయ్యాలో తోచక, తెలిసిన పని చేశాడు. నాలుగు మరలు విప్పాడు. ఏరిపెట్టిన స్విచ్చిల్లో మంచిదాన్ని ఎంచి, పాతది కరిగించి తీసి, కొత్తది కూచోబెట్టి అతికాడు. మూత బిగించి నొక్కి చూశాడు. ఒకసారి నొక్కితే ఒకసారే పడింది. పదీ పదిహేను సార్లు నొక్కాడు. వాకిట్లో కొత్త గొళ్ళెం పడ్డట్టు గట్టిగా, శుభ్రంగా మోగింది. ఆ పిల్ల కుర్చీలోంచే ఆ చప్పుడు విని, “అయిపోయిందాండీ?” అంది. ముఖం వెలిగిపోయింది.

“కాస్త పనుందమ్మా. భోజనం చేసి నాలుగింటికి రా.”

ఆ పిల్ల మెట్లు దిగగానే రీజనల్ ఆఫీసుకు ఫోను చేశాడు. ఎనిమిది నిమిషాలు పాట వినిపించి, శ్యామ్ సుందర్ అనే అతను ఎత్తాడు. మర్యాదస్థుడు. అంతా ఓపిగ్గా విన్నాడు.

“క్యాన్సిల్ చేసే ఆప్షన్ నాకే లేదండి. అయినా కస్టమరుకి లాభమే కదండీ, కొత్తది వస్తోంది.”

“ఎడమచేతిది ఉందాండీ మీ దగ్గర?”

“ఆ మోడల్ ఆపేశారండి. అమ్మకాలు తక్కువ కదా.”

“ఆ పిల్లకి కుడిచేతికి వేళ్ళు లేవండి.”

“అయ్యో,” అన్నాడు శ్యామ్ సుందర్. నిజంగానే బాధపడ్డట్టున్నాడు. “రిమార్క్స్‌లో రాస్తానండి. మీ కంప్లయింట్ నంబరు నోట్ చేసుకోండి.”

వరదానం పద్నాలుగంకెల నంబరు శ్రద్ధగా రాసుకున్నాడు. రాస్తున్నంతసేపూ దానివల్ల ఏదో జరుగుతుందనే అనిపించింది. కలం కింద పెట్టాక ఏమీ జరగదని తెలిసింది.

ఆ మధ్యాహ్నం సంచి పని లేదు. గుడ్డు పులుసు డబ్బా మూత తీసి మళ్ళీ పెట్టేశాడు. వేరే మౌసుకు చిల్లు పెట్టి పంపితేనో అనుకున్నాడు. నంబరు బోర్డు మీదే అచ్చువేసి ఉంటుంది. చిప్పుకు కాకుండా పక్కన ఖాళీలో పెడితేనో. కిందటేడు నూజివీడులో అలా పంపిన ఫొటో వెనక్కి వచ్చింది. చిప్పు మార్చి వేద్దామంటే ఆ చిప్పులు ఏలూరులోనే కాదు, ఈ దేశంలో ఎక్కడా దొరకవు. రేడియో రోజుల నుంచి నేర్చిన తెలివితేటలన్నీ ఒక్కొక్కటే తీసి చూసుకున్నాడు. ఒక్కటీ పనికిరాలేదు.

మూడింటికి సెంటరు యజమాని ఈశ్వరప్రసాద్ పైకొచ్చాడు. వరదానం కన్నా పదేళ్ళు చిన్న. చెడ్డమనిషి కాదు, గట్టిగా మాట్లాడటం కూడా రాదు. పద్మప్రియ చెప్పినట్టుంది, వస్తూనే స్టూలు లాక్కుని ఎదురుగా కూచున్నాడు.

“వరదానం గారూ, కిందటి నెల మీరు చిల్లు పెట్టలేక ఆపినవి రెండు టికెట్లున్నాయి కదండీ. వాటికి ఇప్పుడు చిల్లు పెట్టినా లెక్కలోంచి పోవండి. ఇది మూడోదవుద్ది. మూడైతే సెంటరు ఎత్తేస్తారండి. కాగితం మీదే రాశారు.”

“తెలుసండి.”

“నాకు మాత్రం ఇష్టమాండీ? మనం నలుగురం బతుకుతున్నాం దీనిమీద. నా చేతుల్లో ఏముందండీ?” అన్నాడు ప్రసాద్. కళ్ళెత్తలేదు. “ఆ అమ్మాయితో నేను చెబుతాను లెండి.”

“వద్దండి. ఎంట్రీ వేసింది నేను. నేనే చెబుతాను.”

అలేఖ్య నాలుగింటికి పదినిమిషాల ముందే వచ్చింది. ఆత్రంగా బల్లమీద చూసింది. వరదానం మౌసును ఆమె ముందుకు జరిపాడు. ఎడమచెయ్యి దానిమీద వేసింది. వేళ్ళు ఆ అరిగిన గుంటల్లో వాటంతటవే కుదురుకున్నాయి. నొక్కి చూసి తలూపింది. ఆ ముఖం చూస్తూ చెప్పడం వరదానం వల్ల కాలేదు. మౌసు తీగ చూస్తూ చెప్పాడు. ఒక్కటీ దాచలేదు, తన తప్పుతో సహా.

ఆ పిల్ల విన్నది. మౌసును మరోసారి నొక్కి, “ఇప్పుడు బాగానే పనిచేత్తంది కదండీ?” అంది.

“చేస్తోందమ్మా.”

“మరెందుకండీ?”

వరదానం గోడ మీది గడియారం చూశాడు.

“పట్టుకుని వెళ్ళిపోతానండీ,” అంది అలేఖ్య గొంతు తగ్గించి. “నేనే ఎత్తుకుపోయానని చెప్పండి.”

తలుపు తీసే ఉంది. మెట్లు దిగితే రోడ్డు, రోడ్డు దాటితే ఆటోలు. వరదానం కదలకుండా కూచున్నాడు. వెళ్ళిపో తల్లీ, వెళ్ళిపో, అని లోపల ఎవరో అరుస్తున్నారు. పద్మప్రియ తల వంచుకుని కాగితాలు సర్దుతోంది. ప్రసాద్ కిటికీలోంచి బయటకు చూస్తున్నాడు. ఎవరూ ఆపేవాళ్ళు లేరు. అలేఖ్య మౌసు తీసుకుని తువ్వాల్లో చుట్టుకుంది. లేచింది. రెండడుగులు వేసి ఆగి, వెనక్కి తిరిగింది.

“మీకేమన్నా అవుద్దాండీ?”

ఏమీ కాదమ్మా అంటే సరిపోయేది. ఆ ఒక్క అబద్ధం ఆడితే చాలు. వరదానానికి ఆ మాట నాలుక దాకా వచ్చింది. పద్మప్రియ కాగితాల చప్పుడు ఆగిపోయింది.

“అవుతుందమ్మా,” అన్నాడు. “మా నలుగురికీ.”

అలేఖ్య వచ్చి మౌసును బల్లమీద పెట్టింది. తువ్వాలు మాత్రం మడిచి సంచిలో పెట్టుకుంది. “పర్లేదండీ,” అంది. తిట్టి ఉంటే వరదానానికి కాస్త ఊపిరాడేది. ఆ ‘పర్లేదండీ’ని ఎక్కడ పెట్టుకోవాలో అతనికి తెలియలేదు.

మరలు విప్పాడు. పొద్దున తనే అతికిన స్విచ్చి ఇంకా మెరుస్తోంది. డ్రిల్లు ఆనించాడు. కీచుమంది. పొగ వచ్చింది. అలేఖ్య చూస్తూనే ఉంది. ఫొటో తీసి పంపాక పచ్చటి అక్షరాలు వచ్చాయి, కింద ‘మీ సంతృప్తే మా లక్ష్యం’ అని.

పద్మప్రియ కొత్తది తెచ్చి చేతికిచ్చింది. నల్లటి పెట్టె. తూనీగ వాళ్ళది ఉత్త అట్టపెట్టెగా ఉండేది. కొత్తవాళ్ళు పెట్టె మీద మాత్రం ఏ లోటూ చెయ్యలేదు. దళసరి అట్ట, మూతకు అయస్కాంతం, వెండి అంచు. అలేఖ్య ఎడమచేత్తో సంతకం పెట్టి, పెట్టెను చంకలో ఇరికించుకుని, “ఎల్లొస్తానండీ, ఎల్లొస్తానక్కా,” అని ఇద్దరికీ చెప్పి దిగిపోయింది.

వరదానం బల్ల తుడిచాడు. డ్రిల్లు తీగ చుట్టి సొరుగులో పెట్టాడు. మిగిలిన రెండు మౌసుల పని పూర్తిచేసి, ఆపి ఉంచిన ఆ పాత రెండు టికెట్లకూ చిల్లులు పెట్టి ఫొటోలు పంపాడు. ఇక సెంటరులో ఆగిన పనేదీ లేదు. కళ్ళజోడు జేబులో పెట్టుకుని ప్రసాద్ దగ్గరకు వెళ్ళాడు.

“రేపట్నించి రానండి.”

ప్రసాద్ తలెత్తి చూశాడు. “యేసమ్మ గారికి చెప్పారాండీ?” అన్నాడు.

“చెబుతానండి. ఆవిడకు తెలిసే ఉంటుంది.”

పద్మప్రియ లేచి నిలబడింది. అతని టిఫిన్ సంచి అందించింది. వరదానం ఆ అమ్మాయి తలమీద చెయ్యి వేసి, చెప్పులు తొడుక్కుని బయటికొచ్చాడు. ఐదున్నర మెము రైలు అందుతుంది, తొందరేమీ లేదు. రైల్లో కిటికీ పక్కన చోటు దొరుకుతుంది. ఇంటికెళ్ళి ఏం చెప్పాలో భీమడోలు దాటేలోగా ఆలోచించుకోవచ్చు. ఆ పిల్ల ఆదివారం ఏం చేస్తుందో మాత్రం ఎంత ఆలోచించినా తెలియదు.

సగం మెట్లు దిగాక మలుపులో ఆగిపోయాడు. అక్కడ కిటికీ గూట్లో ఆ నల్లపెట్టె ఉంది. సీలు తియ్యలేదు. మరిచిపోయి పెట్టింది కాదు, గోడకు ఆనించి నిలబెట్టి వెళ్ళింది. వరదానం దాన్ని తీసుకుని గబగబా రోడ్డుమీదకు వచ్చాడు. చేపల లారీ ఒకటి నీళ్ళు కార్చుకుంటూ పోతోంది. ఆటోల దగ్గర ఎవరూ లేరు. కైకలూరు బస్సు ఈపాటికి కొల్లేరు మీద ఉంటుంది.

పైకి తీసుకెళదామా అనుకుని రెండు మెట్లెక్కాడు. పైకి తీసుకెళ్తే ఎంట్రీ వెయ్యాలి. వేస్తే దీనికీ చిల్లు పెట్టాలి. ఇంటికి తీసుకెళ్ళడానికి తనది కాదు. వరదానం కాసేపు దాన్ని చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. చేతికి బరువుగానే ఉంది. మెల్లగా తిరిగి గూట్లోనే పెట్టి, వెనక్కి చూడకుండా స్టేషన్ వైపు నడిచాడు.

కిటికీలోంచి పడుతున్న సాయంత్రపు ఎండలో, పెట్టె మూత మీద, మెరిసే మౌసును ఐదువేళ్ళతో హాయిగా పట్టుకున్న కుడిచెయ్యి బొమ్మ.